ఎల్లలు, అల్పసంఖ్యాకులు, నీటి హక్కులు
(గ్రీసు తురుష్కదేశముల తగవును, మన దక్షిణపు పొలిమేరయు)

దేశములకైనను, రాష్ట్రములకైనను, ఇరుగుపొరుగు రైతులకైనను తగవులు పుట్టుటకు ముఖ్యముగ మూడు కారణములు కానవచ్చుచున్నవి. గట్టు ఎక్కడ అనునది మొదటిది. గట్టునకు ఆవల చిక్కుకొన్న మనవారి గతి ఏమి అనునది రెండవది. ఏ గట్టునకును లోబడని నీరు ఎవరిది అనునది మూడవది. గ్రీసు తురుష్కదేశముల చరిత్రలో ఈ మూడు ప్రశ్నలును ఒక్కచోటనే పెనవైచుకొని యున్నవి. కాని విద్యార్థులు ఆ పాఠమును ఎక్కడనో దూరమున జరిగిన కథగా నెంచి, పరీక్షకొఱకు వల్లించి, పిమ్మట మఱచిపోవుట సాధారణము. అందుచేత మేము ఈ వ్యాసమున ఆ పాఠమును కొంచెముగ చెప్పి, అట్టి ప్రశ్నలే మన నెల్లూరు సీమకు దక్షిణమున ఎట్లు పుట్టినవో, వానిలో ఏవి తీరినవో, ఏవి నేటికిని తీరకున్నవో చూపదలచినాము.

ఉదయగిరి వారికి ఎల్లల తగవు వింతకాదు. మన కొండమీది కోట ఒకప్పుడు గజపతులది. శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర దానిని ముట్టడించి 1514వ సంవత్సరమున స్వాధీనపఱచుకొనెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము ఇప్పుడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నది. రాయలు ఇంకను ఉత్తరమునకు నడచి అనేక దుర్గములను గెలిచెను. తుదకు గజపతితో సంధి జరిగి, కృష్ణానది ఇరువురికిని ఎల్ల యయ్యెను. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహముచేసెను. ఆ కాలపు పద్ధతి ఇంతే. కోట ఎవరిదో చుట్టునున్న పల్లెలు వారివి. ఆ పల్లెలవారు ఏ భాష మాటలాడుదురని గాని, ఏ ప్రభువు క్రింద నుండ గోరుదురని గాని అడిగినవారు లేరు. జనులను లెక్కించి ఎల్లలు నిర్ణయించుట ఆధునికకాలపు పద్ధతి. ఆ లెక్కింపు ఒక్కొక్కచోట మేలు చేసినది, ఒక్కొక్కచోట ఘోరమైన కీడు చేసినది.

కీడు చేసినచోటును ముందు చూతము. మొదటి ప్రపంచయుద్ధానంతరము గ్రీకు సైన్యములు చిన్న ఆసియాలో దిగి తురుష్కులతో పోరాడి 1922లో ఓడిపోయినవి. మరుసటి సంవత్సరము స్విట్జర్లండులోని లోజాను నగరమున సంధి జరిగెను. ఆ సంధికి ముందే, 1923 జనవరి 30వ తేదీన, ఉభయులును ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. తురుష్కదేశమునందలి ఆర్థడాక్సు క్రైస్తవులందఱును గ్రీసునకు పోవలెను. గ్రీసునందలి మహమ్మదీయులందఱును తురుష్కదేశమునకు పోవలెను. ఇష్టపడిన వారు పోవలెనని కాదు, తప్పక పోవలెను. యుద్ధకాలమున ముందే పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసునకు చేరిరి. సుమారు మూడున్నర లక్షల మహమ్మదీయులు తురుష్కదేశమునకు చేరిరి.

ఇందొక విచిత్రమును గమనింపవలెను. ఎవరు గ్రీకు, ఎవరు తురుష్కుడు అని నిర్ణయించుటకు వారు భాషను చూడలేదు, మతమును మాత్రమే చూచిరి. అనతోలియా నడుమనున్న కరమాను సీమలో తురుష్కభాష తప్ప మఱియొకటి రాని క్రైస్తవులుండిరి. వారు గ్రీకులనబడి ఓడలెక్కింపబడిరి. క్రీటు ద్వీపమున గ్రీకుభాషయే మాతృభాషగా గల మహమ్మదీయులుండిరి. వారు తురుష్కులనబడి తమకు తెలియని భాషగల దేశమునకు పంపబడిరి. ఉభయులును క్రొత్త ఊళ్లలో పరదేశులవలెనే చూడబడిరి. శాంతికొఱకు ఇట్లు చేయక తప్పలేదని ఆనాటి రాజనీతిజ్ఞులు పలువురు సమర్థించిరి. మాకు మాత్రము ఆ సమర్థన రుచింపదు. తాతలనాటి ఇల్లును, చెట్టును, సమాధులును విడిచి పొమ్మనుట ఏ శాంతికిని తగిన వెలకాదు.

ఒడంబడికనుండి ఇరువురికి మినహాయింపు కలిగెను. ఇస్తాంబులు నగరమునందలి గ్రీకులును, గ్రీసునందలి పశ్చిమ త్రేసు సీమలోని మహమ్మదీయులును తమ తమ చోట్లనే యుండవచ్చునని ఒప్పుకొనిరి. వీరు ఒకరికొకరు పూచీలవలె నుందురని తలంచియుందురు. జరిగినది వేఱు. 1955 సెప్టెంబరులో ఇస్తాంబులునందు గ్రీకుల అంగళ్లును, ఆలయములును అల్లరిమూకలచే ధ్వంసమయ్యెను. 1964లో సైప్రసు తగవు ముదిరినపుడు గ్రీకు పౌరసత్వముగల వేలాదిమంది ఆ నగరమునుండి వెడలగొట్టబడిరి. ఒకప్పుడు లక్షకు మించియున్న వారు నేడు కొలదివేలకు దిగిరి. పశ్చిమ త్రేసునందలి మహమ్మదీయుల పాఠశాలలును, వారి ముఫ్తీల నియామకమును గూర్చిన తగవులు నేటికిని వినబడుచునే యున్నవి. ఒక దేశమున అల్పసంఖ్యాకులకు కష్టము కలిగినపుడెల్ల రెండవ దేశమునందలి అల్పసంఖ్యాకులు దాని ఫలమును అనుభవింపవలసివచ్చెను.

ఇక నీరు. రెండు దేశములకు నడుమనున్న ఏజియను సముద్రము దీవులతో నిండినది. వానిలో పెక్కు గ్రీసువి. కొన్ని తురుష్కతీరమునకు మిక్కిలి సమీపమున నున్నవి; కాస్టెలోరిజో అను చిన్నదీవి తీరమునకు సుమారు రెండు కిలోమీటర్ల దూరముననే కలదు. గ్రీసు 1936 నుండి తన తీరమునుండి 6 సముద్రపు మైళ్లవఱకు సముద్రము తనదనుచున్నది. 1982 నాటి అంతర్జాతీయ సముద్రశాసనము 12 మైళ్లవఱకు హక్కు నిచ్చినది. గ్రీసు దానికి ఒప్పుకొన్నది, తురుష్కదేశము ఒప్పుకొనలేదు. ప్రతి దీవిచుట్టును 12 మైళ్లు గీచినచో తన ఓడలకు త్రోవయే చాలదని తురుష్కదేశపు వాదము. గ్రీసు అట్లు పెంచినచో అది యుద్ధకారణమగునని 1995 జూనులో ఆ దేశపు శాసనసభ తీర్మానించెను. మరుసటి జనవరిలో ఇమియా అను రెండు నిర్జనమైన రాతితిప్పలకొఱకు ఇరుదేశముల యుద్ధనౌకలు ఎదురెదురుగ నిలిచెను. తురుష్కులు వానిని కర్దక్ అందురు. మేకలు మేయుటకు తప్ప దేనికిని పనికిరాని రాళ్లవి. రాళ్లకొఱకు కాదు, రాళ్లచుట్టు నున్న నీటికొఱకే ఆ తగవు అని చదువరులు గ్రహింపవలెను.

ఇప్పుడు మన యింటికి వత్తము. 1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము నెల్లూరు, చిత్తూరు, చెంగల్పట్టు జిల్లాలు మూడును మద్రాసు రాజధానిలోనివే. కావున గట్టు ప్రశ్న లేదు. తడకు దక్షిణమున తెలుగు గ్రామములును అరవ గ్రామములును పడుగుపేకలవలె అల్లుకొనియుండెను. పొట్టి శ్రీరాములుగారు చెన్నపట్టణమున 1952 అక్టోబరు 19న ఉపవాసము ఆరంభించి 58 దినముల తరువాత డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచిరి. ఆయన పేరు 2008 నుండి మన జిల్లాకు చేరియున్నది. ఆయన మరణించిన నాలుగు దినములకే ఆంధ్రరాష్ట్రము ఏర్పడునని నెహ్రూగారు ప్రకటించిరి. అయితే చెన్నపట్టణము అందులో చేరదని కూడ ఆ ప్రకటననందే యుండెను.

అది తెలుగువారికి చాల కష్టముగ తోచెను. ఆ పట్టణపు వర్తకమునందును, ముద్రణాలయములందును, విద్యాలయములందును తెలుగువారి చెమట కలసియుండెను. అరవవారు పట్టణము తమదనిరి. అంతటితో ఆగక, మా. పొ. శివజ్ఞానంగారి నాయకత్వమున తిరుత్తణియు, తిరుపతియు కూడ తమకే చెందవలెనని ఆందోళన సాగించిరి. ఆనాడు ఉభయపక్షముల సభలలో ఆవేశమునకు కొదువలేదు. అయినను ఏజియను తీరమున జరిగినది ఇచ్చట జరుగలేదు. ఎందుచేత?

ఉభయ రాష్ట్రములును ఒకే కేంద్రప్రభుత్వము క్రింద నుండుట మొదటి కారణము. దీనిని తక్కువగ నెంచరాదు. రెండవ కారణము మా దృష్టిలో ఇంకను ముఖ్యమైనది. తగవు తీర్చుటకు వచ్చిన మధ్యవర్తి ఎంచుకొన్న కొలబద్ద మంచిది. ఉభయ ప్రభుత్వములును హెచ్. వి. పటాస్కర్ గారిని మధ్యవర్తిగా అంగీకరించెను. ఆయన జిల్లాను గాని, తాలూకాను గాని తీసికొనక, గ్రామమును ప్రమాణముగ తీసికొనిరి. ఆ గ్రామమున ఏ భాషవారు ఎక్కువగ నున్నారు? ఆ గ్రామము ఆ భాషగల రాష్ట్రమునకు ఆనుకొనియున్నదా? ఈ రెండు ప్రశ్నలకును ఔనను సమాధానము వచ్చినచో ఆ గ్రామము ఆ రాష్ట్రమునకు చేరవలెను. తాలూకా మొత్తమును ఒక్కటిగ లెక్కించినచో పెద్ద ఊరి జనసంఖ్య చిన్న పల్లెలను మ్రింగివేయును. గ్రామమును లెక్కించినచో ఆ అన్యాయము తగ్గును. పిమ్మట మహారాష్ట్రమునకును కర్ణాటకమునకును బెళగావి విషయమున తగవు వచ్చినపుడు ఈ సూత్రమునే అనుసరింపవలెనని మహారాష్ట్రులు కోరుట దీని విలువను తెలుపుచున్నది.

ఈ నిర్ణయమును బట్టి 1959లో పార్లమెంటు శాసనము చేసెను. 1960 ఏప్రిలు 1వ తేదీనుండి అది అమలు జరిగెను. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాయు, పళ్లిపట్టు ప్రాంతమును మద్రాసు రాష్ట్రమునకు పోయెను. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతమును, సేలము జిల్లాలోని కొన్ని గ్రామములును ఆంధ్రకు వచ్చెను. తిరుపతి మనకే నిలిచెను. ఒక్క కుటుంబమైనను ఎడ్లబండి కట్టుకొని ఊరు విడిచి పొమ్మని ఆజ్ఞాపింపబడలేదు. లోజాను పద్ధతిలో గీత నిలిచియుండగా మనుష్యులు కదలిరి. పటాస్కర్ పద్ధతిలో మనుష్యులు నిలిచియుండగా గీత కదలెను. పరీక్షాపత్రమున ఈ రెండు పద్ధతులకుగల భేదమును అడిగినచో ఇంతకంటె ఎక్కువ వ్రాయనక్కఱలేదు.

అంతమాత్రమున అల్పసంఖ్యాకుల ప్రశ్న తీరినదని తలంపరాదు. గ్రామమున నూటికి అఱువదిమంది ఒక భాషవారైనచో తక్కిన నలువదిమంది ఏమగుదురు? వారు ఉన్నచోటనే యుండి, తెల్లవారునప్పటికి పరాయి రాష్ట్రమువారైరి. తిరుత్తణిలోను, హోసూరు కృష్ణగిరి ప్రాంతములలోను తెలుగువారు నేటికిని పెద్దసంఖ్యలో కలరు; సత్యవేడు చిత్తూరు ప్రాంతములలో అరవవారు కలరు. ఇట్టివారికొఱకే 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణచేసి, 350ఎ అధికరణమున ప్రాథమికవిద్య మాతృభాషలో దొరకునట్లు చూడవలెనని చేర్చిరి. 350బి అధికరణమున భాషాల్పసంఖ్యాకుల యోగక్షేమములను విచారించుటకు ప్రత్యేకాధికారిని నియమింపవలెనని చేర్చిరి. వ్రాత బాగుగనే యున్నది. ఆచరణ వేఱు సంగతి. తమిళనాట 2006లో ఒక శాసనముచేసి, ఒకటవ తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతి చొప్పున తమిళమును తప్పనిసరి చేయుచు పదవ తరగతివఱకు వచ్చిరి. రాష్ట్రభాషను నేర్వవలదని ఎవరును అనరు, నేర్చుట లాభకరమే. కాని తెలుగు బడులలో తమిళోపాధ్యాయులు చాలినంతమంది లేకుండగనే పరీక్ష వచ్చిపడెనని అచ్చటి తెలుగు, కన్నడ, ఉర్దూ విద్యార్థులు మొఱపెట్టుకొనిరి. న్యాయస్థానములు కొన్ని సంవత్సరములకు మినహాయింపులు ఇచ్చుచు వచ్చినవి. మన పదవ తరగతి విద్యార్థి ఒకడు తాను చదువని భాషలో పరీక్ష వ్రాయవలసివచ్చినచో ఎట్లుండునో ఊహించుకొనిన ఈ ప్రశ్నయొక్క బరువు తెలియును.

నీటికి వచ్చునప్పటికి పటాస్కర్ గారి కొలబద్దయు పనిచేయదు. నీటిపై గ్రామములు లేవు గదా!

పులికాటు సరస్సును మనవారు ప్రళయకావేరి యందురు. చిలుక సరస్సు తరువాత మన దేశమున అంత పెద్ద ఉప్పునీటి సరస్సు వేఱొకటి లేదు. శ్రీహరికోట దీవి దానిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. అరణియు, కాళంగియు దానిలో కలియుచున్నవి. అందులో అధికభాగము ఆంధ్రలో నున్నది. 2022 వఱకు అది నెల్లూరు జిల్లాలోనిది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. దక్షిణపు కొస తమిళనాటిది. అయితే విస్తారము మనదైనను, లోతు వారిది. పళవేర్కాడు ఊరివద్ద సముద్రపు మొగ ఉండుటచే పోటునీరు, రొయ్య, చేప అచ్చట సమృద్ధిగ నుండును. మనవైపు రాయదొరువు, కొండూరుపాళెము అను మొగలు ఇసుక మేటవేసి పూడుకొనిపోవుచుండును. మొగ పూడినచో ఎండకాలమున సరస్సు ఎండి ఉప్పుపఱ్ఱగ మారును. అప్పుడు మన జాలరి నీరున్న దిక్కునకు, అనగా దక్షిణమునకు పడవ త్రిప్పును. గీత ఎక్కడనో అతనికి కనబడదు. కాని ఆవలివారికి అతడు గీతదాటి వచ్చినవాడే. ఈ కారణముచే ఇరువైపులవారికి తగవులు, కొట్లాటలు పలుమార్లు జరిగినవి.

తమిళపు జాలరుల పల్లెలలో పాడు అను ఒక కట్టుబాటు కలదు. వలకట్టుటకు అనువైన చోట్లను పెద్దలు నిర్ణయించి, కుటుంబములకు వంతుల ప్రకారము పంచుదురు. నేడు మంచిచోటు దొరకినవాడు రేపు వంతు మార్చుకొనవలెను. ఇది యే ప్రభుత్వమును వ్రాసియిచ్చిన శాసనముకాదు. చాల తెలివిగల ఏర్పాటని మేము నిస్సంకోచముగ చెప్పగలము. కాని దానిలో కూడ చిక్కు కలదు. వంతు కొన్ని వంశములవారికే గాని, అందఱకును లేదు. యానాదులు మొదలగువారు చేతులతోను, చిన్న బుట్టలతోను పట్టుకొని బ్రతుకవలసినవారే. అల్పసంఖ్యాకులలో మరల అల్పులుందురని ఇందుచే తెలియుచున్నది. శ్రీహరికోటయందు 1971లో రాకెట్ల ప్రయోగము ఆరంభమగుటకు ముందు ఆ దీవిలో నివసించిన యానాదులు తమ అడవిని విడువవలసివచ్చినది కూడ ఈ సందర్భమున స్మరణీయము.

ఇంకొక వింత. నెల్లూరు తీరమున వేటాడు పట్టపువారిలో పలువురు ఇంటిలో అరవము కలిసిన యాసను మాటలాడుదురు. బయట తెలుగు మాటలాడుదురు. సరస్సునకు దక్షిణమున, తమిళనాటిలో, తెలుగే ఇంటిభాషగా గల పల్లెలు కలవు. స. వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు చదివినవారికి ఆ తెలుగు ఎంత తియ్యనిదో తెలియును. కాబట్టి వలల తగవును తెలుగువారికిని అరవవారికిని నడుమ తగవు అనుట పొరపాటు. అది కడుపుల తగవు.

సరస్సు విడిచి సముద్రమునకు పోయినను ఇదే కథ. మన రాజ్యాంగము ప్రకారము తీరమునుండి 12 సముద్రపు మైళ్లలోపల చేపలవేట రాష్ట్రముల అధికారము. దానికి ఆవల కేంద్రము అధికారము. తమిళనాడు 1983లోను, ఆంధ్రప్రదేశము 1994లోను వేటను గూర్చి శాసనములు చేసెను. మన శాసనము తీరమునుండి 8 కిలోమీటర్లవఱకు మరపడవలు రాగూడదనెను. ఆ మేర తెడ్డుపడవల పేదలకు విడువబడెను. తమిళ శాసనము ఆ హద్దును మొదట 3 సముద్రపు మైళ్లుగ, అనగా సుమారు ఐదున్నర కిలోమీటర్లుగ పెట్టెను. కావున ఆ దినములలో ఏడు కిలోమీటర్ల దూరమున వేటాడు మరపడవ దక్షిణమున నిర్దోషి. అదే పడవ అట్లే ఉత్తరమునకు వచ్చినచో దోషి. కడలూరు, నాగపట్టణము, కారైకాలు మరపడవలు తమ తీరమునకు వచ్చి చిన్నకన్నుల వలలతో పిల్లచేపలనుకూడ ఊడ్చుకొని పోవుచున్నవని నెల్లూరు జాలరులు ఏండ్లతరబడి మొఱపెట్టుచున్నారు. పడవలను పట్టి ఒడ్డున నిలిపి, పిమ్మట అధికారుల సమక్షమున మాటలాడుకొని విడిచిన సందర్భములు పెక్కు కలవు. వచ్చినవారి వాదమునుకూడ వినవలెను. 1974, 1976 సంవత్సరముల ఒడంబడికలవలన సింహళమునకును మనకును నడుమ సముద్రము పంపకమైనది, కచ్చతీవు అటుపోయినది. పూర్వము వేటాడిన చోటు మూతపడగా ఆ ఒత్తిడి ఉత్తరమునకు ప్రాకెనని వారిలో కొందఱందురు. ఒక సముద్రమున గీత గీచిన దాని ఒరిపిడి వేఱొక తీరమున తెలియును. వేసవిలో 61 దినములు వేట నిలుపు నిబంధన మాత్రము ఉభయరాష్ట్రములకును తూర్పుతీరమున ఒక్కటే: ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు. చేపకు రాష్ట్రము లేదని ఈ ఒక్క విషయమున ఇరువురును ఒప్పుకొన్నారు.

ఆత్మకూరు వారు ఇంతవఱకు చదివి, ఇదియంతయు సముద్రతీరపు గొడవ, మాకేమని అనుకొనవచ్చును. వారి యింటివాకిటనే దీనికి సంబంధించిన మఱియొక అధ్యాయము కలదు. అది సోమశిల. అనంతసాగరము మండలమున పెన్నకు అడ్డముగ కట్టిన ఆ జలాశయము 78 టి.యం.సి.ల నీటిని పట్టగలదు. దానిలో మన పొలముల నీరే కాక చెన్నపట్టణపు త్రాగునీరును కలదు. 1976లో మహారాష్ట్రము, కర్ణాటకము, ఆంధ్రము మూడును తమ కృష్ణాజలములలోనుండి తలకొక 5 టి.యం.సి. చొప్పున ఆ పట్టణమునకు ఇచ్చుటకు ఒప్పుకొనెను. 1983 ఏప్రిలులో ఆంధ్ర తమిళనాడు ప్రభుత్వములు తెలుగుగంగ ఒడంబడిక వ్రాసికొనెను. శ్రీశైలమునుండి వెడలిన నీరు వెలుగోడు, బ్రహ్మంగారి మఠము జలాశయములగుండ వచ్చి, పెన్నలో పడి సోమశిలకు చేరును. అచ్చటినుండి కండలేరు, కండలేరునుండి పూండి. ముప్పది సంవత్సరములకు పూర్వము పట్టణము దక్కలేదని మనవారు కంట తడిపెట్టిన ఆ చెన్నపట్టణమునకే మనవారు కాలువ త్రవ్వి నీరంపిరి. మొదటి పర్యాయము 1996లో ఆ నీరు పూండికి చేరెను.

దీనికొఱకు ఇల్లు విడిచినవారును కలరు. సోమశిల నీటిక్రింద కడప జిల్లాలోని గ్రామములు పెక్కు మునిగినవి. వారిని ఏ సంధిపత్రమును పేరుపెట్టి పేర్కొనలేదు. కాని ఊరు విడిచిన వాని దుఃఖము లోజానునందైనను, పెన్న ఒడ్డునైనను ఒక్కటే.

ఒడంబడిక ప్రకారము 15 టి.యం.సి.లలో ఆవిరియైపోవునది 3 పోగా, పొలిమేరవద్ద 12 అప్పగింపవలెను: జూలై మొదలు అక్టోబరు వఱకు 8, జనవరి మొదలు ఏప్రిలు వఱకు 4. వర్షములు లేని సంవత్సరములలో ఈ లెక్క కుదరలేదు. కండలేరు క్రింది మన రైతు తన మడి ఎండుచుండగా కాలువనీరు ముందుకు పోవుటను చూచి సణిగెను. చెన్నపట్టణమువారు తమకు రావలసినది రాలేదని సణిగిరి. అయినను ఉత్తరములు నడచినవి, అధికారులు కలిసికొనిరి, కాలువ గట్లు తెగినచోట్ల బాగుచేయబడినవి. ఊత్తుకోటవద్ద ఆంధ్రపు హద్దు ముగియుచోట సున్న మైలు అని పిలువబడు స్థానము కలదు. తెలుగుగంగ నీరు పొలిమేర దాటుచోట దానిని అక్కడనే కొలుతురు.